సందెవేళ గడప మీద

మా రోజుల్లో భయానికి ఒక చోటుండేది, ఒక వేళుండేది. ఆ వేళకు ఆ చోటికి మనమే నడిచి పోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఎగ్జిబిషన్ మైదానంలో రేకుల షెడ్డు వేసి, లోపల నల్లగుడ్డ కట్టి, ‘దయ్యాల కొంప’ అని బోర్డు రాసి, టికెట్టు చింపి లోపలికి తోస్తున్నారు. చీకట్లో రబ్బరు చెయ్యి ఒకటి మీద పడుతుంది. పిల్లోళ్లు ఒక్క కేక పెట్టి బయటికొచ్చి, నవ్వుకుంటూ పక్క కొట్లో మిరపకాయ బజ్జీలు తింటారు. దాన్ని ఉలికిపాటు అంటారు గానీ భయం అనరు. నిజంగా భయపడినవాడు ఇంటికి పోయాక కూడా దీపం తగ్గించనీయడు.

ఈ మధ్య కర్నూల్లో నాటకాలాడే కుర్రవాళ్లు కొందరు మా ఇంటికొచ్చారు. ‘సైట్ స్పెసిఫిక్ థియేటర్’ అని కొత్త పద్ధతి ఒకటుంది తాతా అని చెప్పారు. హాల్లో స్టేజీ మీద కాకుండా, కథ ఎక్కడ జరిగిందో అటువంటి చోటే, జనం మధ్యలో, ఆడడమంట. పాత భయానక కథ ఒకటి తీసుకుని కొండారెడ్డి బురుజు దగ్గర చేద్దామనుకుంటున్నాం, ఏమంటారు అని అడిగారు. ఆలోచన మంచిదే, పిల్లలూ మంచివాళ్లే. ఇది విదేశాల నుంచి దిగిన కొత్త విద్య అనుకుంటున్నారే, అక్కడే నాకు మండింది. మన రాయలసీమకు ఈ విద్య కొత్తా? ఊరు ఊరంతా వేదికగా ఆడినవాళ్ల మనవలు వీళ్లు!

పాత భయానక కథ అన్నారు కదా. హిరణ్యకశిపుడి చావును మించిన భయానక కథ ఏముంది? మనం దాన్ని భక్తి కథ అని చెప్పుకుని చెప్పుకుని అందులోని వణుకును పోగొట్టుకున్నాం. ఒకసారి కథను మాత్రమే చూడండి. ఒక ఇల్లు. కొడుకును ఏనుగులతో తొక్కించి, పాములతో కరిపించి, కొండ మీంచి తోయించిన తండ్రి. వాడు కోరుకున్న వరం చూడండి. పగలు చావకూడదు, రాత్రి చావకూడదు. ఇంట్లో కూడదు, బయట కూడదు. నేల మీద కూడదు, ఆకాశంలో కూడదు. మనిషి చేతిలో కూడదు, మృగం చేతిలో కూడదు. ఏ ఆయుధంతోనూ కూడదు. అన్ని తలుపులూ మూసుకున్నాననుకుని వాడు ధైర్యంగా ఉంటే, మూసిన తలుపుల మధ్య సందులు వెతుక్కుంటూ చావు వస్తుంది. సొంత ఇంటి స్తంభంలోంచి వస్తుంది.

ఆ వరంలోనే నాటకం ఎక్కడ ఆడాలో, ఎప్పుడు ఆడాలో రాసిపెట్టి ఉంది. వేళ: అసుర సంధ్య. చోటు: గడప. వేరే దర్శకుడు చెప్పక్కర్లేదు. మా జేజి సందెవేళ మమ్మల్ని గడప మీద కూచోనిచ్చేది కాదు. “లెయ్యిరా, లోపలన్నా పో, బయటన్నా పో” అనేది. ఎందుకు జేజీ అంటే చెప్పేది కాదు. ప్రహ్లాద నాటకం చూసిన రాత్రి ఎవరూ చెప్పకుండానే నాకు తెలిసింది. ఆ తర్వాత చాలా ఏళ్లు మా ఇంటి గడపను దాటేటప్పుడు కాలు ఎత్తి వేసేవాణ్ణి.

ఈ కథకు సొంత ఊరు మన జిల్లాలోనే ఉంది. 2022 ఏప్రిల్‌లో నంద్యాల వేరే జిల్లా అయింది గానీ, మా బోటివాళ్ల నోట్లో అహోబిలం ఇంకా కర్నూలు జిల్లానే. ఆళ్లగడ్డ దాటి నల్లమల అంచుకు పోతే దిగువ అహోబిలం, అక్కడి నుంచి ఎనిమిది కిలోమీటర్లు లోపలికి ఎగువ అహోబిలం. అక్కడి నుంచి భవనాశిని వాగు పట్టుకుని, చేతికర్ర ఊతంగా బండల మీద ఎక్కిపోతే జ్వాలా నరసింహుడి చోటు వస్తుంది. హిరణ్యకశిపుణ్ణి చీల్చింది అక్కడేనని నమ్మకం. పక్కనే రక్తకుండం, స్వామి చేతులు కడుక్కున్న మడుగు. ఇంకా పైన ఉగ్రస్తంభం, కొండే నిలువునా చీలిన చోటు. ఇంత రంగస్థలం ఏ ప్రభుత్వం కట్టించగలదు? ఎర్రన తన నృసింహపురాణాన్ని అంకితమిచ్చింది ఈ అహోబిలం స్వామికే.

అక్కడివాళ్లకు కథను కదిలించి ఆడడం కూడా తెలుసు. సంక్రాంతి మరునాడు కనుమ పండుగ నుంచి పార్వేట మొదలవుతుంది. స్వామి పల్లకీ ఎక్కి నలభై రోజులకు పైగా చుట్టుపక్కల ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతాడు, చెంచులక్ష్మితో తన పెళ్లికి రమ్మని తానే వచ్చి పిలుస్తాడు. చెంచులు పల్లకీ మీదికి బాణాలు వేసి సాగనంపుతారు. ఇందులో చూసేవాడెవరు, ఆడేవాడెవరు? ఊరి రచ్చకట్టే పెళ్లివారి విడిది, ఊరివాళ్లే చుట్టాలు. దీనికి ఏ పేరు పెడతారో పెట్టండి, పని మాత్రం శతాబ్దాలుగా నడుస్తోంది.

మా ఊరు అహోబిలమంత గొప్పది కాదు. చెన్నకేశవుడి గుడి, గుడి ముందు రాతి మండపం, మండపం ముందు కళ్లం. పంట ఇంటికొచ్చాక ఆ కళ్లంలోనే ప్రహ్లాద నాటకం. మండపం ముందు వరస స్తంభాల్లో ఒకదాన్ని వదిలి, దాని పక్కన వెదురు దబ్బలతో గుల్ల స్తంభం కట్టేవారు. పాత పత్రికలు గంజితో అంటించి, సున్నం పూసి, బొగ్గు నీళ్లతో రాతి చారలు గీస్తే, పది అడుగుల దూరం నుంచి ఏది రాయో ఏది కాగితమో తెలిసేది కాదు. నరసింహుడు వేసేవాడు పొద్దువాలక ముందే అందులోకి దూరాలి. ఆ రోజంతా వాడు ఒక్కపొద్దు. ముందు రాత్రి నుంచి ఇంటికి పోడు, గుళ్లోనే పడుకుంటాడు. నడుముకు పగ్గం కట్టి, దాని కొస ఇద్దరు బలమైనవాళ్లు పట్టుకునేవారు. పూనకం వస్తే ఆపడానికి. వచ్చేది కూడా.

దివిటీ మీద గుగ్గిలం పొడి చల్లే పని చిన్నప్పుడు నాకిచ్చారు. గుగ్గిలాన్ని రోట్లో మెత్తగా దంచి, జల్లెడ పట్టి, చిన్న మూకుట్లో పోసి ఇచ్చేవారు. పిడికెడు చల్లితే పొగే వస్తుంది. మూడు వేళ్లతో చిటికెడు తీసి, మంటకు జానెడు పైనుంచి విసిరితే భుగ్గుమని నిలువెత్తు మంట లేస్తుంది. “ఇందులో ఉన్నాడా నీ హరి?” అని హిరణ్యకశిపుడు గదతో కొట్టగానే విసరాలి, ముందు కాదు, వెనక కాదు. ఆ వెలుగులో కాగితం చీలేది. చీలిన దాంట్లోంచి మొదట వేళ్లు కనిపించేవి. మొహం కాదు, వేళ్లు. అన్నీ తెలిసి, గుగ్గిలం మూకుడు చేతిలో పట్టుకుని నిలబడ్డ నాకే కాళ్లు వణికేవి. హిరణ్యకశిపుణ్ణి మండపం గడప దాకా ఈడ్చుకొచ్చి తొడ మీద పడేసుకుంటే, కుంకుమ నీళ్లలో ముంచిన గుడ్డ పేలికలే పేగులని ఎవరికి గుర్తుంటుంది? ఆడవాళ్లు పిల్లల కళ్లు మూసేవారు. హిరణ్యకశిపుడి వేషం వేసినవాడి అరుపుకు గుడి మీద పావురాలు ఒక్కసారిగా లేచేవి.

తర్వాత ఇంటికి పోవాలి. అసలు నాటకం అప్పుడు మొదలయ్యేది. పక్క ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు వంక దాటి, కానుగ చెట్ల కింద, తంగేడు పొదల మధ్య, నక్షత్రాల వెలుగులో నడవాలి. ఎవరూ మాట్లాడుకునేవారు కాదు. ప్రతి రాతి గుండూ స్తంభమే. ఈ నడకను తీసేసి భయానక నాటకం ఆడుతున్నామంటే నేనొప్పుకోను.

ఇప్పుడేం చేస్తున్నారో చెప్తా. ఒక ఊళ్లో ఒక పరిషత్తువాళ్లు పోటీలు పెట్టి నన్ను పిలిచారు. ఏసీ హాలు. పొద్దున పదకొండు గంటలకు ప్రహ్లాద! సందెవేళ జరగాల్సిన చావును పొద్దు నడినెత్తి మీదికొచ్చే వేళకు తెచ్చి పెట్టారు, ఎందుకంటే మధ్యాహ్నం ఇంకో రెండు నాటకాలున్నాయి. వెనక పెద్ద ఎల్ఈడీ తెర. స్తంభం ఆ తెర మీద బొమ్మ. గదతో గాలిని కొడితే తెర మీద స్తంభం పగిలింది, రాళ్లు ఎగిరాయి, నిప్పులు కురిశాయి, స్పీకర్లలో సింహం గర్జించింది. ఇంత జరిగినా నా పక్కన కూచున్న పిల్లవాడు ఆవులించాడు. ముందు వరసలో సగం మంది ఫోన్లు ఎత్తి వీడియో తీస్తున్నారు, ఫోను లైటు వేసుకుని మరీ. ఆ వెలుగు నరసింహుడి మొహాన పడి రబ్బరు మాస్కు కుట్లు కనిపించాయి. పాపం, ఆ నటుడు బాగా చేశాడు. వాడి గొంతు బాగుంది, నడక బాగుంది. వాడి చుట్టూ చీకటి లేకుండా చేసినవాళ్లదే తప్పు. నిర్వాహకులకు ఆ మాటే చెప్పాను. “కరెంటు తీసేస్తే ఎట్లా సార్, టీవీవాళ్లు వచ్చారు గదా” అన్నారు.

చీకటిని ఖర్చు లేకుండా దొరికే సామానుగా చూసినవాళ్లు మనవాళ్లు. తోలుబొమ్మలాట చూడండి. మేకతోలు బొమ్మ, వెనక ఆముదం దీపం, ముందు తెల్లపంచె. పొద్దుగుంకాక మొదలై తెల్లవారు దాకా. ఆ బొమ్మలాడించే కుటుంబాలలోంచే సురభి నాటక సమాజం పుట్టింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో, ఇప్పటి చక్రాయపేట మండలం, ఒక పెళ్లి సందర్భంలో వనారస కుటుంబంవాళ్లు బొమ్మలు పక్కనబెట్టి మనుషులతోనే నాటకమాడారు. ఏ నాటకం? కీచకవధ. పెళ్లింట్లో కీచకవధ! చీకటి నర్తనశాల, పరుపు మీద ముసుగు కప్పుకుని పడుకున్న ఆకారం, సైరంధ్రి అనుకుని చెయ్యి వేసిన కీచకుడు, ముసుగులోంచి లేచిన భీముడు. మనిషిని మాంసపు ముద్ద చేసి వదిలిన కథ. తెలుగు నాటక సమాజాల్లో అంత పేరున్న సురభి మొదటి అడుగు ఒక చీకటి గదిలో పడింది. ఆ సంగతి మన నాటకంవాళ్లు రోజూ తలుచుకోవాలి.

ఇక్కడ ఇంకో సంగతి. వానలు లేని ఏడాది, ఈ కీచకుడి కథ ఉన్న విరాటపర్వం చదివిస్తే, ఆడిస్తే, వాన పడుతుందని మనకు నమ్మకం. బొమ్మలాటవాళ్లను పిలిచి ఊరి బయట విరాటపర్వం ఆడించేవారు. అంటే కీచకుడి చావు నెర్రెలిచ్చిన నేల మీద, ఎండిన చెరువు పక్కన, మేఘం కోసం తలెత్తిన జనం ముందు జరిగేది. అంత అవసరంతో చూసిన ప్రేక్షకులు ప్రపంచంలో ఎక్కడుంటారు? ఆ కుర్రవాళ్లు చెప్పిన పద్ధతికే చూడండి, డెన్మార్కులో క్రోన్‌బోర్గ్ కోట ఉంది, హామ్లెట్‌కు తండ్రి దయ్యమై కనిపించే కోట అదే. 1816లో షేక్స్‌పియర్ పోయి రెండు వందల ఏళ్లయిందని అక్కడి సైనికులే ఆ కోటలో ఆ నాటకం ఆడారు. 1937లో నటుడు లారెన్స్ ఒలీవియర్ అక్కడ హామ్లెట్ వేయబోతే వాన దంచి, ఆరుబయట ఆట పక్కనున్న హోటల్లోకి మారింది. అక్కడ వాన నాటకాన్ని తరిమింది. మేము వానను పిలవడానికి నాటకమాడేవాళ్లం. ఆ కోటలో హామ్లెట్ ఆడడం గొప్పేనంటారు, నేనూ గొప్పేనంటాను. మన చెరువుకట్ట మీద కీచకవధ కూడా అంతే గొప్పదని ఎవడూ అనడే!

ఇప్పుడు సురభివాళ్ల ఆట చూడాలంటే కడప జిల్లావాడు హైదరాబాదు బస్సెక్కాలి. శేరిలింగంపల్లిలో సురభి కాలనీ ఉంది. వాళ్లు బతుకుతెరువు కోసం పోయారు, వాళ్లను తప్పుపట్టే నోరు నాకు లేదు. ఇంటిల్లిపాదీ, ఆడవాళ్ల వేషాలు ఆడవాళ్లే వేసి, తరాల తరబడి ఆ తెరలు మోశారు. తెలుగులో మొదటి టాకీ, 1932 ఫిబ్రవరి 6న విడుదలైన హెచ్.ఎం.రెడ్డి ‘భక్త ప్రహ్లాద’ కూడా సురభివాళ్లు ఆడుతున్న నాటకమే, లీలావతి సురభి కమలాబాయి. ఆ నాటకం రాసింది బళ్లారి ధర్మవరం రామకృష్ణమాచార్యులు. కథ అహోబిలానిది, రాత బళ్లారిది, ఆట కడపది. మొత్తం మనదే అయిన దాన్ని మనమే సినిమా వాళ్లకప్పగించి చేతులు దులుపుకున్నాం. సురభి గ్రామంలో ఏటా ఒక్క రాత్రి కీచకవధ ఆడించాలని కడప పెద్దలకు తట్టకపోవడం నాకు కడుపుమంట.

మనం వదిలేసినదాన్ని తమిళనాడులో ఉన్న తెలుగువాళ్లు పట్టుకున్నారు. తంజావూరు దగ్గర మెలట్టూరులో నరసింహ జయంతికి భాగవత మేళా జరుగుతుంది. వేంకటరామ శాస్త్రి తెలుగులో రాసిన ప్రహ్లాద చరిత్రను వరదరాజ పెరుమాళ్ గుడి ముందర, వీధిలో, రాత్రంతా ఆడతారు. నరసింహుడి ముఖం నాటకాల సామాన్ల పెట్టెలో ఉండదు, దానికి పూజ ఉంటుంది. దాన్ని ధరించేవాడు ఉపవాసముంటాడు. ఎదురుగా దేవుడు, మధ్యలో వీధి, అటూ ఇటూ జనం. చుట్టూ తమిళం మాట్లాడే ఊళ్లో తెలుగు పద్యం పాడుతూ ఆ ముఖం పెట్టుకుంటారు. అహోబిలం పక్కన పుట్టి మనం చేయలేనిది వాళ్లు చేస్తున్నారు.

చోటు ఒక్కటుంటే చాలదు, అది కూడా చెప్పాలి. హొళగుంద మండలం దేవరగట్టు సంగతి అందరికీ తెలుసు. దసరా రాత్రి కొండ మీద మాళ మల్లేశ్వరుడి కల్యాణం, ఆ తర్వాత కాగడాల వెలుగులో కర్రలతో బన్ని ఉత్సవం. మణి, మల్లాసురులనే రాక్షసులను భైరవుడు చంపిన కథ అది. కొండ ఉంది, అర్ధరాత్రి ఉంది, నిప్పు ఉంది, వేల మంది ఉన్నారు. కానీ కథ చెప్పేవాడి గొంతు ఆ కర్రల చప్పుట్లో మునిగిపోయింది. ఏటా తలలు పగులుతున్నాయి. పగిలిన తల చూస్తే నాకు రాక్షసుడి భయం రాదు, ఆ పిల్లవాడి తల్లి గుర్తొస్తుంది. భయానకం ఆడాలంటే ఎవరి ఒంటి మీదా గాటు పడకూడదు. కుంకుమ నీళ్లతో వణికించడమే విద్య. కర్ర పక్కనబెట్టి ఆ కథను పద్యంలో, వేషంలో, అదే కొండ మీద, అదే వేళకు ఆడించగలిగినవాడు పుడితే ఆ పండుగ ఇంకా పెద్దదవుతుంది.

మా రోజుల్లో అంతా బంగారమని నేననను. మా ఊరి కళ్లంలో కొన్ని ఇళ్లవాళ్లు దూరంగా, కంచె అవతల నిలబడి చూడాల్సి వచ్చేది. వాళ్లకు వేళ్లు కనిపించేవి కావు, మంట ఒక్కటే కనిపించేది. ఆ కంచె పోయింది, పోవాల్సిందే. ఇప్పుడు ఆడితే ముందు వరస అందరిదీ. పోవాల్సింది కంచె గానీ చీకటి కాదు. రెండూ ఒకే మూటలో కట్టి పారేశారు మనవాళ్లు.

ఆ కుర్రవాళ్లతో ఇదే చెప్పాను. కొండారెడ్డి బురుజుకు దాని కథ దానికుంది, అలంపురం కొండారెడ్డిని బంధించిన చోటదని చెప్తారు. అక్కడ ఆ చెర కథ ఆడండి, గోడలే పలుకుతాయి. ఎక్కడిదో దయ్యం కథ తెచ్చి ఆ బురుజు మీద ఎక్కిస్తే, టూరిస్టులు ఫోటో దిగి పోతారు. గండికోట చూడండి, పెన్న లోయ అంచున టెంట్లు వేసుకుని సూర్యోదయం ఫోటోలు తీసుకునేవాళ్లే అందరూ. ఆ ధాన్యాగారంలో, ఆ రంగనాథుడి గుడి మండపంలో, ఒక పద్యం పాడి చూడాలని ఒక్కడికీ తోచదు.

మీకు ప్రహ్లాద కావాలంటే అహోబిలం దాకా కూడా పోనక్కర్లేదు మొదట. గడప ఉన్న పాత మిద్దె ఒకటి చూసుకోండి. వైశాఖ శుద్ధ చతుర్దశి, నరసింహ జయంతి నాడు పెట్టుకోండి. పొద్దు కుంకే వేళ పంచాంగంలో చూసి, దానికి గంట ముందు మొదలుపెడితే, చివరి పద్యానికి సరిగ్గా వేళ కుదరాలి. వీధి దీపాలు ఆ కాసేపు ఆర్పించమని పంచాయతీ వాళ్లను ముందే అడగండి. ఫోన్లన్నీ బయట ఒక గంపలో. మైకు వద్దు. నూటయాభై మందికి మించి పిలవొద్దు. జనం వాకిట్లో, నడవలో, అరుగు మీద, ఎక్కడ పడితే అక్కడ కూచోవచ్చు, గడపను మాత్రం వదలాలి. అయిపోయాక కార్లు ఇంటి ముందుకు రాకూడదు. ఊరి బయట నిలబెట్టి అక్కడిదాకా నడిపించండి.

మొన్న వాళ్లు ఫోను చేశారు. నంద్యాల దగ్గర పల్లెలో మిద్దె దొరికిందంట. వెదురు దబ్బలు ఎట్లా చీల్చాలి, గుగ్గిలం ఎక్కడ కొనాలి, మంట పైకప్పుకు తగలకుండా ఎంత ఎత్తుండాలి అని ఒక్కొక్కటే అడిగారు, అన్నీ చెప్పాను. పక్కన రెండు బిందెల నీళ్లు, తడిపిన గోనెసంచి పెట్టుకోమన్నాను. నరసింహుడు వేసే పిల్లవాడు ఫోను తీసుకుని, “తాతా, పగలు ఆఫీసుంది, ఒక్కపొద్దు ఉండకపోతే కుదరదా?” అన్నాడు. కుదరదు, ఆ రోజుకు సెలవు పెట్టు నాయనా అన్నాను.